దుప్పట్ల వెనక గొంతు

పంటి నొప్పితో మనిషి చనిపోయాడంటే జనం నమ్మరు. గుండె ఆగి పోయాడంటే తల పంకిస్తారు, లారీ గుద్దేసిందంటే అయ్యో అంటారు. పన్ను వల్ల పోయాడంటే మాత్రం ముందు మొహంలో ఒక చిన్న నవ్వు మొలుస్తుంది, దాన్ని తుంచుకోవడానికి వాళ్ళకి ఒక క్షణం పడుతుంది. అందుకే ఆమె చుట్టాలంతా చాలాకాలం కిందటే ఒక మాటకొచ్చారు. తమ్ముడు ఎలా పోయాడని ఎవరైనా అడిగితే విషజ్వరం అని చెప్తారు. విషజ్వరానికి పరువుంది. ఆమె ఒక్కతే పన్ను అంటుంది. కింది దవడలో, చివర్నుంచి రెండోది అని కూడా చెప్తుంది. చెప్పి, ఎదుటివాళ్ళ మొహంలో ఆ నవ్వు మొలిచి వాడిపోయేదాకా కళ్ళార్పకుండా చూస్తుంది.

లాండ్రీలో ఆమెని టార్చక్క అంటారు. హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు ఉతికే పెద్ద లాండ్రీ అది. మాసినవి వెనక గుమ్మంలోంచి మూటలుగా వస్తాయి, తెల్లబడి ముందు గుమ్మంలోంచి దొంతరలుగా పోతాయి. మధ్యలో ఉన్నదంతా ఆవిరి. పైకప్పు రేకుల నుంచి ఎండాకాలంలో కూడా చినుకులు రాలుతుంటాయి. తడి దుప్పటి ఇద్దరు పట్టి రోలరుకి అందిస్తే అవతలి వైపు అప్పడంలా బయటికొస్తుంది. వచ్చినదాన్ని చక్రాల స్టాండ్ల మీద ఆరేస్తారు. స్టాండ్లు వరసగా నిలబడితే గోడ కట్టినట్టు ఉంటుంది, అవతల ఎవరున్నారో ఇవతలికి కనపడదు. టార్చక్క పని దిండు గలీబుల ప్రెస్సు దగ్గర. కాలితో పెడలు తొక్కితే పైమూత దిగుతుంది, బుస్సుమని ఆవిరి చిమ్ముతుంది, మళ్ళీ తొక్కితే మూత లేస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే బుస్సు.

లాండ్రీవాళ్ళకి ఒక వైద్యం ఉంది. చిరిగిన తువ్వాలు నాలుగు మడతలు వేసి ప్రెస్సు కింద పెట్టి ఒక్కసారి తొక్కుతారు. పొగలు కక్కే ఆ గుడ్డని ఎక్కడ నొప్పుంటే అక్కడ అద్దుతారు. నడుముకి కాపడం, మోకాలికి కాపడం, కడుపునొప్పికి కాపడం, మొగుడు తిట్టాడని తలనొప్పొస్తే దానికీ కాపడమే. కొత్తగా చేరినవాళ్ళు యంత్రం తొక్కడం నేర్చుకునే ముందు కాపడం నేర్చుకుంటారు. వేడి చేతిలో ఉన్నవాళ్ళు వేడినే మందనుకోవడంలో వింతేం లేదు. మంచుగడ్డల ఫ్యాక్టరీలో పనిచేసి ఉంటే మరోలా అనుకునేవాళ్ళు.

తమ్ముడు అదే లాండ్రీలో బట్టలు పిండే యంత్రం దగ్గర చేసేవాడు. తల్లి పోయాక ఆమే పెంచింది. సోడా మూతలు పళ్ళతో ఊడదీస్తానని పందెం కాసి ఒక పన్ను విరగ్గొట్టుకున్నాడు. ఆ విరిగిన పన్ను నల్లబడి, పుచ్చి, కొన్నాళ్ళు పీకి, కొన్నాళ్ళు మానేసి, మళ్ళీ పీకేది. వాడికి మిమిక్రీ పిచ్చి. సూపర్‌వైజరు నడకా, మేనత్త దగ్గూ, అక్క కోపం అన్నీ దించేసేవాడు. చివరిసారి దవడ కింద వాచినప్పుడు ఆమె ఇంట్లో ఇస్త్రీపెట్టె వేడిచేసి, గుడ్డ మడిచి, కాపడం పెట్టింది. హాయిగా ఉందన్నాడు. మళ్ళీ పెట్టింది. హాయిగా ఉందన్నాడు. పొద్దున్న ఆమె డ్యూటీకి బయల్దేరుతుంటే మంచం మీద ముందుకి వంగి కూర్చుని, నోట్లో వేడి వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టు, "అక్కా... నీళ్ళు" అన్నాడు. గ్లాసు ఇచ్చింది. నీళ్ళు మింగకుండా చొక్కా మీదికి వదిలేశాడు. వాడి వేషాలు తెలిసిన మనిషి కదా.

"ఒరేయ్, ఎవర్రా ఇది కొత్తగా? బాగా కుదిరింది గొంతు" అని నవ్వి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

కబురు లాండ్రీకే వచ్చింది.

ఆ తర్వాత నుంచి గొంతు మొదలైంది. రోజూ రాదు. ప్రెస్సు మూత లేచే ముందు ఆవిరి సన్నబడి ఆగిపోయే చోట వస్తుంది, వెనక నుంచి, స్టాండ్ల అవతల నుంచి. "అక్కా" అంటుంది. అదే ముద్ద గొంతు. మొదట్లో ప్రతిసారీ పెడలు వదిలేసి పరుగెత్తేది. దుప్పట్లు తోసుకుంటూ వెళ్ళి చూస్తే బండ మీద తడి తప్ప ఏమీ ఉండేది కాదు. గలీబులు ప్రెస్సు కింద పడి మాడిపోయేవి. లాండ్రీ వ్యాను నడిపే ఆమె భర్త నెమ్మదస్తుడు, ఒకరోజు ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు:

"అది ఆవిరే. ఆవిరి మాట్లాడదు. నీకు వినపడుతుందంటే నేను కాదనను. కానీ తిరిగి చూడకు. చూసినకొద్దీ పిలుస్తుంది."

ఆమె ఒప్పుకుంది. ఎంత కష్టపడి ఒప్పుకుందో ఆమెకే తెలుసు. గొంతు వస్తే తిరక్కూడదు, చేతిలో ఉన్న గలీబు అంచులు సరిచేసుకోవాలి, పెడలు తొక్కాలి. ఏళ్ళ తరబడి అలా అలవాటు చేసుకుంది. మనిషి దేన్నైనా అలవాటు చేసుకుంటుంది, చెవిటితనాన్ని కూడా.

గొంతు మాట అణిచేసుకుంది గానీ నోళ్ళ సంగతి వదల్లేదు. ఒంటి మీద ఎప్పుడూ ఒక చిన్న టార్చి ఉండేది. ఎవరైనా చెంప మీద చెయ్యి వేసుకుంటే చాలు, "ఏదీ, ఆ అను" అంటూ వచ్చేసేది. కొడుక్కి పిల్లని చూడ్డానికి వెళ్ళి, పిల్ల నవ్వగానే, "ఆ పైవరసలో పుచ్చుందమ్మా, ముహూర్తం కంటే ముందు చూపించుకో" అనేసింది. సంబంధం తప్పిపోయింది, పిల్ల మాత్రం వెళ్ళి చూపించుకుందని తర్వాత తెలిసింది. తన ప్రెస్సు మీద ఒక నియమం పెట్టింది. మెడ కింద ఎక్కడికైనా కాపడం గుడ్డ వేడి చేసుకోండి, మెడ పైకి మాత్రం ఈ మూత దిగదు. నవ్వుకున్నారు. అవతలి చివర ఇంకో ప్రెస్సు ఉంది కదా, మెడ పైన నొప్పులన్నీ అటు పోయాయి. అంత కాపలా కాసే మనిషి దగ్గర మిగతావాళ్ళు నేర్చుకునేది జాగ్రత్త కాదు, దాచుకోవడం. ఆ సంగతి ఆమెకి తెలియలేదు.

అందరికంటే ఎక్కువగా ఆటపట్టించేది ఆడపడుచు. భర్తకి చెల్లెలు, పక్క వీధిలోనే కాపురం, లాండ్రీలో మడతల బల్ల దగ్గర పని. మడత పెడితే దుప్పటి అంచుకి అంచు వెంట్రుకవాసి తేడా రాదు, నోరు విప్పితే ఎవరి అంచులూ మిగలవు.

"వదినా, మా ఆయన నా మొహం చూసి పెళ్ళి చేసుకున్నాడు. నువ్వయితే దవడలు చూసి చేసుకునేదానివి" అనేది.

"నీ దవడలకి పని ఎక్కువ పిల్లా. అరిగిపోతాయని నా భయం."

"అరగవులే. రోజూ నిన్ను నమిలి పదును పెడుతున్నాను."

అలా ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి నడిచిన పోటీ. ఎవరు ముందు నోరు మూసుకుంటే వాళ్ళు ఓడినట్టు. అలాంటి మనిషి నోట్లో జ్ఞానదంతం పక్క పన్ను పుచ్చింది. ఎవరికి చెప్తుంది? భర్తకి చెప్తే ఆయన వెళ్ళి అన్నయ్యకి చెప్తాడు, అన్నయ్య వదినకి చెప్తాడు, వదిన టార్చి పట్టుకుని వస్తుంది. లాండ్రీ అంతా చుట్టూ మూగుతుంది. అంతకంటే నొప్పే నయం అనుకుంది. మందుల షాపులో బిళ్ళలు అడిగి వేసుకుంది. తగ్గింది, మానేసింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వేసుకుంది. దవడ కింద గట్టిపడుతుంటే మఫ్లరు చుట్టుకుని, జలుబు అంది.

"వదినకి మాత్రం చెప్పకండే" అని మడతల బల్ల దగ్గరి ఇద్దరికి ఒట్టు పెట్టింది. వాళ్ళిద్దరూ మంచివాళ్ళు. మాట తప్పలేదు. అవతలి ప్రెస్సు మీద గుడ్డలు వేడి చేసి, స్టాండ్ల వెనక మూటల మీద కూర్చోబెట్టి, మార్చి మార్చి కాపడం పెట్టారు.

"హాయిగా ఉందా అక్కా?"

హాయిగానే ఉంది. అదే తంటా.

ఆ రోజు పెద్ద హోటల్ సరుకు వచ్చి పడింది. యంత్రాలన్నీ ఒకేసారి నడుస్తున్నాయి. భోజనాల వేళ దాటింది, ఎవరూ లేవలేదు. టార్చక్క ప్రెస్సు దగ్గర నిలబడి ఉంది. ఆవిరి సన్నబడి ఆగిన చోట, వెనక నుంచి, ఆ గొంతు వచ్చింది.

మాట లేదు. ముద్దగా ఒక మూలుగు. చాలా నెలలకి వచ్చాడు అనుకుంది. తిరగలేదు. గలీబు అంచులు సరిచేసుకుంది, పెడలు తొక్కింది.

మళ్ళీ వచ్చింది. ఈసారి దగ్గరగా. గొంతుతో పాటు ఒక గురక, తడి గొట్టంలోంచి గాలి లాగుతున్నట్టు. తమ్ముడు ఎప్పుడూ గురక పెట్టలేదు, అంటే ఆమె వినలేదు. అప్పటికి ఆమె తలుపు వేసి వెళ్ళిపోయింది. నేను వెళ్ళాక ఇలా ఉండేవాడన్నమాట, ఇన్నాళ్ళకి మిగతాది కూడా వినిపిస్తున్నాడు, అనుకుంది. కళ్ళు మూసుకుంది. చేతులు వాటంతటవి ఇంకో గలీబు పరిచాయి. తిరక్కూడదు. తిరిగితే పిలుస్తూనే ఉంటాడు. పెడలు తొక్కింది.

మూత లేచింది. ఆవిరి ఆగింది.

"వ... ద్నా."

ఆమె చెయ్యి ఆ వేడి పలక మీదే ఆగిపోయింది. కాలిన సంగతి తర్వాత గానీ తెలియలేదు.

చచ్చినవాళ్ళు వరస మార్చరు. తమ్ముడు ఏ లోకంలో ఉన్నా, ఎంత వేషం వేసినా, అక్కని వదినా అని పిలవడు.

ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆమె తిరిగింది. దుప్పట్లు రెండు చేతులా తోసుకుంటూ స్టాండ్ల వెనక్కి పోయింది. అక్కడ మనిషి ఉంది. మూట మీద ముందుకి వంగి, గడ్డం పైకెత్తి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని కూర్చుని ఉంది ఆడపడుచు. మఫ్లరు జారిపోయింది. దవడ కింద రెండు వైపులా వాపు, మెడ అనేదే లేనట్టు. నోరు మూతపడటం లేదు. ఉమ్ము తీగలా కారి మడత పెట్టిన తెల్ల దుప్పటి మీద పడుతోంది. బల్ల దగ్గరి ఇద్దరూ అప్పుడే వచ్చినట్టు చెరోవైపు నిలబడి ఉన్నారు, ఒకామె చేతిలో పొగలు కక్కుతున్న గుడ్డ.

"ఎప్పట్నుంచి?" అంది టార్చక్క.

"జలుబే అక్కా... మొన్న కాస్త..." గుడ్డ పట్టుకున్నామె నసిగింది. "కాపడం పెడుతున్నాం, తగ్గుతుందని..."

"అవతల పారెయ్ దాన్ని."

ఆడపడుచు కళ్ళు వదిన చేతుల కోసం వెతికాయి. టార్చి వస్తుందనుకుంది కాబోలు. టార్చక్క టార్చి తియ్యలేదు. నోట్లోకి చూడలేదు. అంతకాలం ఊరందరి నోళ్ళూ చూసిన మనిషి, చూడాల్సిన రోజు చూడలేదు. ఈ గొంతు విన్నాక చూడటానికేం మిగల్లేదు.

"నువ్వు వెళ్ళి మా ఆయనకి చెప్పు, వ్యాను ముందు గుమ్మం దగ్గర పెట్టమని. మూటలు దింపొద్దు, అలాగే రమ్మను" అని ఒకామెని తరిమింది. రెండోవైపు నుంచి పట్టుకోమని ఇంకొకామెకి సైగ చేసింది. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"కాసేపు పడుకోబెట్టండమ్మా, నీరసంగా ఉన్నట్టుంది. ఇదిగో, కాసిని నీళ్ళు..."

"పడుకోబెడితే పోతుంది. నీళ్ళిస్తే మింగలేదు. తప్పుకోండి సార్."

ఆ గొంతు విని సూపర్‌వైజరు నిజంగానే తప్పుకున్నాడు.

వీధి చివర పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ ఉంది. పెద్దాసుపత్రి దూరం, ట్రాఫిక్ దాటాలి. ముందు ఎవరో ఒకరు చదువుకున్నవాళ్ళు చూడాలని ఆమె క్లినిక్ ముందే వ్యాను ఆపించింది. లోపల ఏసీ చల్లగా ఉంది, గోడ మీద చిరునవ్వుల బొమ్మలు, కౌంటరు దగ్గరమ్మాయి తలెత్తకుండా, "టోకెన్ తీసుకుని కూర్చోండి, మీ ముందు నలుగురున్నారు" అంది.

"ఈవిడ కూర్చుంటుందమ్మా, ఊపిరే నిలబడటం లేదు" అంది టార్చక్క. ఆ అమ్మాయి తలెత్తి చూసింది. చూశాక టోకెన్ మాట మళ్ళీ అనలేదు, లోపలికి పరుగెత్తింది.

డాక్టరమ్మ గ్లవ్స్‌తోనే బయటికొచ్చింది. చిన్న వయసు. వంగి రెండు వేళ్ళతో గడ్డం కింద నొక్కింది. చెక్కలా ఉన్నట్టుంది, మొహం మారిపోయింది.

"నాలుక బయటికి చాపండమ్మా."

ఆడపడుచు ప్రయత్నించింది. నాలుక లేచి అంగిలికి అతుక్కున్నట్టు అక్కడే ఉంది. పెదవుల దాకా కూడా రాలేదు.

"ఇది నా కుర్చీలో చేసే పని కాదు" అంది డాక్టరమ్మ. ఆ మాట చెప్పడానికి ఆవిడ ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. పనికిరాని మర్యాదతో ఎక్స్‌రే తీద్దాం, బిళ్ళలు రాస్తాను, రేపు రండి అనలేదు. "చీము నాలుక కిందికీ మెడలోకీ దిగింది. గాలి దారి మూసుకుంటోంది. పెద్దాసుపత్రికి, ఇప్పుడే. పళ్ళ వార్డుకి కాదు, ఎమర్జెన్సీకి. నిటారుగా కూర్చోబెట్టే తీసుకెళ్ళాలి." ఫోన్ తీసి ఆసుపత్రితో మాట్లాడింది. తర్వాత అంబులెన్సుకి చేసింది, ఎక్కడుందో కనుక్కుంది. వ్యాను వైపు చూసింది. "అది వచ్చేలోపు మీరు వెళ్ళిపోవచ్చు. నేనూ వస్తాను." కౌంటరు దగ్గరమ్మాయి వైపు తిరిగింది. "ఆ ఆక్సిజన్ డబ్బా పట్రా."

లోపల కుర్చీలోంచి ఒకాయన నోట్లో దూదితోనే అరిచాడు, "డాక్టర్, నా పన్ను?"

"మీ పన్ను ఎక్కడికీ పోదండీ."

వ్యాను వెనక మూటల మధ్య కూర్చున్నారు. ఉతకని హోటల్ దుప్పట్లు, ఎవరెవరి నిద్రల వాసనో. డాక్టరమ్మ మాస్కు పట్టుకుంది. టార్చక్క ఆడపడుచు వీపుకి తన భుజం ఆనించి, ముందుకి వంగి ఉండేలా పట్టుకుంది. ముందు సీటులో ఆమె భర్త హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. నెమ్మదస్తుడని పేరున్న మనిషి ఆ రోజు దారిలో తిట్టని తిట్టు లేదు. ప్రతి మలుపులోనూ ఆ గురక కాస్త ఆగేది. ఆగినప్పుడల్లా టార్చక్క కూడా ఊపిరి ఆపేసేది. మళ్ళీ మొదలయ్యేది. తన భుజం మీద ఆ వణుకు. తమ్ముడూ ఆ రోజు ఆ ఇంట్లో, వేసిన తలుపు వెనక, ఒక్కడే ఇలా. పక్కన భుజం లేదు.

"నాతో ఉండు పిల్లా" అంది చెవి దగ్గర. "తిట్టు నన్ను. మనసులోనే తిట్టు."

ఆడపడుచు వేళ్ళు ఆమె ముంజేతిని గిల్లాయి. గట్టిగా.

ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర స్ట్రెచరు సిద్ధంగా ఉంది. పడుకోబెట్టబోయారు. డాక్టరమ్మా, టార్చక్కా ఇద్దరూ ఒకేసారి "కూర్చోబెట్టే!" అని అరిచారు. తలుపులు మూసుకున్నాయి. ముక్కులోంచి గొట్టం దింపుతారనీ, కుదరకపోతే గొంతు ముందు కోస్తారనీ, తర్వాత చీము తీసి, ఆ పన్ను కూడా పీకేస్తారనీ డాక్టరమ్మ చెప్పింది. చెప్పి వెళ్ళిపోవచ్చు, క్లినిక్‌లో నలుగురు ఎదురు చూస్తున్నారు. కానీ బెంచీ మీద పక్కనే కూర్చుంది. టార్చక్క కాలిన అరచెయ్యి చూసి నర్సుని పిలిచి మందు రాయించింది.

చాలాసేపటికి టార్చక్క అడిగింది. తమ్ముడు పోయినప్పటి నుంచి ఎవరినీ అడగని ప్రశ్న. భర్త కాఫీలు తేవడానికి వెళ్ళినప్పుడు, గొంతు తగ్గించి.

"కాపడం పెడితే మనిషి పోతాడా అమ్మా?"

డాక్టరమ్మ ఆమె వైపు చూసింది. ఎవరి గురించని అడగలేదు.

"వాపు మీద వేడి పెట్టకూడదు. కానీ కాపడం వల్లే పోరు. కాపడం హాయిగా ఉంటుంది. హాయిగా ఉంటే ఇంకాసేపు ఆగుదాం అనిపిస్తుంది. ఆ ఆగడం వల్ల పోతారు."

"అయితే నా వల్ల కాదంటారా?"

"నేను ఆయన్ని చూడలేదు కదమ్మా. చూడని మనిషి గురించి నేనేమీ చెప్పలేను."

ఇన్నేళ్ళలో ఎంతమంది ఎన్ని రకాలుగా ఓదార్చారో. నీ తప్పేం లేదమ్మా అనీ, రాసిపెట్టి ఉందనీ, దేవుడికి మంచివాళ్ళే కావాలనీ. అవేవీ ఆమె దగ్గర నిలవలేదు. ఈ మాట నిలిచింది. బరువు తగ్గలేదు. ఆ బరువు ఎంతో మొదటిసారి సరిగ్గా తెలిసింది.

తలుపు తెరుచుకుని సర్జన్ వచ్చాడు. గొట్టం ముక్కులోంచే దిగిందనీ, గొంతు కొయ్యక్కర్లేదనీ చెప్పాడు. "ఇంకొంచెం ఆలస్యమైతే..." అని మొదలుపెట్టి, ఎదురుగా ఉన్న మొహం చూసి ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు.

గొట్టం తీసేసిన రోజుకి చుట్టాలందరూ వరండాలో దిగారు. ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడారు. పన్ను వల్ల ఇంత జరుగుతుందా అని ఇప్పుడు ఎవరూ నవ్వలేదు. భర్త తరఫు పెదనాన్నగారు ఒకాయన ఉన్నాడు, చావింట్లోనూ పెళ్ళింట్లోనూ ఒకే గొంతుతో మాట్లాడే మనిషి. ఆయన టార్చక్క తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ తమ్ముడేనమ్మా అడ్డుపడ్డాడు. వాడే పిలిచి చెప్పాడు. వాడి చావు ఊరికే పోలేదు."

చుట్టూ అందరూ తలలూపారు. ఒకావిడ కళ్ళొత్తుకుంది కూడా.

టార్చక్క ఆ చెయ్యిని తల మీద నుంచి మెల్లగా తీసి ఆయన ఒళ్ళోనే పెట్టింది.

"ఊరికే పోయింది పెదనాన్నగారూ" అంది. "వాడు ఎవరికీ అడ్డుపడలేదు. వాడికి ఎవరూ అడ్డుపడలేదు. మొన్నటిదాకా జ్వరం అన్నారుగా, ఇవాళ దేవుణ్ణి చేసేస్తే ఎలా? వాడు పాతికేళ్ళ వెధవ. సోడా మూతలు పళ్ళతో తీసేవాడు."

ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

ఆడపడుచు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మెడకి కట్టు, బుగ్గలు లోపలికి పోయాయి. గొంతు దారప్పోగులా ఉంది గానీ ఆమె గొంతే.

"ఇన్నాళ్ళూ నా నోట్లోకి తొంగి చూడాలని తహతహలాడావు" అంది. "చూడు, ఆసుపత్రి మొత్తం చూసింది. నువ్వు తప్ప."

"మూసుకో. మాట్లాడొద్దన్నారు."

"నువ్వు ముందు మూసుకో. అప్పుడు నేను గెలిచినట్టు."

టార్చక్క నవ్వబోయింది. దుప్పటి మడత సరిచేసింది. ఆసుపత్రివాళ్ళ మడత వంకరగా ఉంది, ఆడపడుచు కూడా దాన్నే చూస్తోంది. కాసేపటికి ఆడపడుచు గొంతు మారింది.

"వదినా. ఒకటడుగుతాను. వాళ్ళిద్దరూ గుడ్డలు వేడి చెయ్యడానికి అటు వెళ్ళారు. ఊపిరాడలేదు. నువ్వు అక్కడే ఉన్నావు, దుప్పట్ల సందులోంచి నీ వీపు కనపడుతోంది. పిలిచాను. మళ్ళీ పిలిచాను. నువ్వు గలీబు పరుచుకుంటున్నావు." ఆగింది. "వినపడలేదా?"

అబద్ధం చాలా దగ్గరలో ఉంది. యంత్రాల గోల అంటే సరిపోతుంది, ఎవరైనా నమ్ముతారు.

"వినపడింది" అంది టార్చక్క.

"మరి?"

"నీ గొంతనుకోలేదు."

ఎవరి గొంతనుకుందో ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. ఎన్నోసార్లు దాని మీద కూడా జోకులు వేసింది ఆడపడుచు. ఈసారి దుప్పటి కొస పట్టుకుని వదిన వైపు జరిపింది. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని ఆ వంకర మడత విప్పి, మళ్ళీ వేశారు.

టార్చక్క పనిలోకి వెళ్తూనే ఉంది. సూపర్‌వైజరు ప్రెస్సుల పక్కన పళ్ళ డాక్టరమ్మ నంబరూ, ఎమర్జెన్సీ నంబరూ పెద్ద అక్షరాలతో అంటించాడు. మొహం మీదికి కాపడం పూర్తిగా మానేశారని చెప్తారు, కొంతవరకు నిజమే. గొంతు పోలేదు. అప్పుడప్పుడు ఆవిరి సన్నబడి ఆగే చోట వస్తుంది, వెనక నుంచి, ముద్దగా. ఏ వరసతో పిలుస్తుందో ఇప్పుడు ఆమె వినిపించుకోదు. పెడలు వదిలేస్తుంది. భర్త అడిగితే, "చూసొస్తే పోయేదేముంది, ఒక గలీబు మాడుతుంది" అంటుంది. పిలిచిన ప్రతిసారీ వెళ్తుంది, దుప్పట్లు తప్పించి అవతలికి చూస్తుంది.

ఎక్కువసార్లు అక్కడ ఎవరూ ఉండరు.